అంకెలు చేత్తో మార్చే మైదానం

రిగ్లీ ఫీల్డ్‌లో బేస్‌బాల్ స్కోరు మారాలంటే ఒక మనిషి లేచి నిలబడాలి. సెంటర్ ఫీల్డ్ వెనక, ప్రేక్షకుల వరుసలన్నిటికీ పైన, 27 అడుగుల ఎత్తు, 75 అడుగుల వెడల్పు ఉన్న ఆకుపచ్చ బోర్డు ఒకటి ఉంటుంది. దాని లోపల కొద్దిమంది మనుషులు ఆట మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా నిలబడి పనిచేస్తారు. ఇక్కడి జట్టు షికాగో కబ్స్ ఒక పరుగు చేస్తే, లోపలి మనిషి ఆ ఇన్నింగ్స్ గడిలో ఉన్న ఇనుప పలకను లాగేసి, కొత్త అంకె రాసి ఉన్న పలకను అందులో దూరుస్తాడు. బయట కూర్చున్న మనకు ఆ గడి ఒక్క క్షణం ఖాళీగా, చీకటిగా కనిపిస్తుంది. ఆ తర్వాత అంకె వచ్చి కూర్చుంటుంది. 1937 నుంచి ఇదే పద్ధతి.

ఈ మైదానాన్ని ప్రేమించేవాళ్ళలో చాలామంది దాని వయసును చూసి ప్రేమిస్తారు. 1914 ఏప్రిల్ 23న ఇక్కడ మొదటి ఆట జరిగింది. అమెరికా పెద్ద లీగుల మైదానాల్లో ఇంతకంటే పాతది బోస్టన్‌లోని ఫెన్వే పార్క్ ఒక్కటే. వయసంటే నాకూ గౌరవమే. కానీ షికాగో శివార్ల నుంచి రైలెక్కి వెళ్ళి ఇక్కడ చూసిన ఆటలు నాకెందుకు ఇంత స్పష్టంగా గుర్తున్నాయని ఆలోచిస్తే వేరే కారణం తోస్తుంది. ఇక్కడ ప్రేక్షకుడికి పని ఉంటుంది. గాలి ఎటు వీస్తోందో జెండా చూసి తెలుసుకోవాలి. బంతి గోడ మీది తీగల్లో చిక్కిందో లేదో ఫీల్డర్ చేతులు చూసి తెలుసుకోవాలి. ఏం జరిగిందో ఒళ్ళో పెట్టుకున్న కార్డు మీద పెన్సిలుతో రాసుకోవాలి. చూసి అర్థం చేసుకునే బాధ్యతను ఈ మైదానం మన నుంచి లాగేసుకోదు. అలా కళ్ళు పెట్టి చూసింది మనసులో నిలిచిపోతుంది.

బోర్డు సంగతి ముందు పూర్తిగా చెబుతాను. దాన్ని కట్టించిన కాలంలో బిల్ వెక్ అనే 23 ఏళ్ళ కుర్రాడు క్లబ్బులో పనిచేసేవాడు. అతని తండ్రి అంతకు ముందు కబ్స్ క్లబ్బుకు అధ్యక్షుడు. మైదానం గోడకు తీగ నాటించిందీ ఆ ఏడాదే, ఆ కుర్రాడే. బోర్డుకు ఎడమ పక్కన నేషనల్ లీగ్, కుడి పక్కన అమెరికన్ లీగ్. మన కళ్ళెదుట జరుగుతున్న ఆటతో పాటు, దేశంలో మిగతా ఊళ్ళలో ఆ రోజు జరుగుతున్న ఆటల స్కోర్లు కూడా ఇన్నింగ్స్ వారీగా అక్కడే కనిపిస్తాయి. ఒకప్పుడు ఆ వివరాలు టెలిగ్రాఫ్ టేపు మీద వచ్చేవి, ఇప్పుడు కంప్యూటర్ మీద వస్తాయి. లోపలి మనిషి చదివి పలక మార్చే పనిలో మాత్రం తేడా లేదు. లీగులు పెరిగి ఇప్పుడు ఒకే రోజు 15 ఆటలు జరగవచ్చు. బోర్డు మీద 12 ఆటలకే చోటుంది. అందుకని కొన్ని ఆటలు బయటే ఉండిపోతాయి. దాన్ని పెంచమని అభిమానులెవరూ అడగడం నేను వినలేదు.

నడిమధ్యన బ్యాటర్ నంబరు, బాల్స్, స్ట్రైకులు, ఔట్లు చూపే అంకెలు మాత్రం చిన్న చిన్న గుండ్రటి రెక్కలు తిరగడం వల్ల ఏర్పడతాయి. వాటిని పాత్రికేయుల గది నుంచి కరెంటు మీటలతో నడుపుతారు. బోర్డు మీద పిచర్ల పేర్లు ఉండవు, నంబర్లే ఉంటాయి. ఏ నంబరు ఎవరిదో తెలియాలంటే స్కోర్‌కార్డు కొని చూసుకోవాలి. బోర్డు సగం చెబుతుంది, కార్డు సగం చెబుతుంది, రెంటినీ కలుపుకోవడం మన వంతు.

బోర్డు నెత్తిన ఓడ తెరచాప కొయ్యలా ఒక పెద్ద స్తంభం. దాని తాళ్ళ మీద జట్ల జెండాలు వరసగా ఎగురుతుంటాయి. ఆ వరస అందానికి పెట్టింది అనుకుంటారు కొత్తవాళ్ళు. పైనున్న జెండా లీగులోని ఒక్కో విభాగంలో మొదటి స్థానంలో ఉన్న జట్టుది, దాని కింద రెండో స్థానంలో ఉన్నది, అలా కిందికి. స్థానాలు మారినప్పుడల్లా జెండాల వరస మారుస్తారు. ఆట ముగిశాక మరో జెండా ఎక్కుతుంది. కబ్స్ గెలిస్తే తెల్ల గుడ్డ మీద నీలం రంగు 'డబ్ల్యూ'. ఓడితే నీలం గుడ్డ మీద తెల్ల రంగు 'ఎల్'. మైదానం పక్కనే ఎత్తు మీద నడిచే రైల్లో ఇంటికి వెళ్ళేవాళ్ళు కిటికీలోంచి చూసి ఫలితం తెలుసుకోవడానికి పుట్టిన అలవాటది. రేడియో లేనివాడికీ, పేపరు కొననివాడికీ కూడా కబురు అందేది. ఈనాటికీ ఆ జెండా ఎక్కుతుంటే జనం లేచి నిలబడి చూస్తారు.

ఇక స్కోరు రాయడం. ఈ విద్య తెలియకుండా కూడా ఆట చూడొచ్చు. తెలిస్తే ఆట రెండింతలు కనిపిస్తుంది కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

మైదానంలో తొమ్మిది స్థానాలకు తొమ్మిది అంకెలు. బంతి విసిరే పిచర్ 1. అతనికి ఎదురుగా గొంతుక్కూర్చునే క్యాచర్ 2. ఫస్ట్ బేస్ దగ్గర ఉండేవాడు 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5. సెకండ్‌కీ థర్డ్‌కీ మధ్య తిరిగే షార్ట్‌స్టాప్ 6. దూరంగా ఎడమ వైపు 7, నడుమ 8, కుడి వైపు 9. ఆటగాళ్ళు మారినా ఈ అంకెలు మారవు, అవి చోటును బట్టి ఉంటాయి. కార్డు మీద ఒక్కో బ్యాటర్‌కు ఒక అడ్డ వరుస, ఒక్కో ఇన్నింగ్స్‌కు ఒక నిలువు వరుస. రెండూ కలిసే గడిలో చిన్న వజ్రం ఆకారం ఉంటుంది. బేస్‌బాల్ మైదానం నడిభాగం ఆకారమే అది.

బ్యాటర్ బంతిని నేల మీదుగా షార్ట్‌స్టాప్ వైపు కొట్టాడనుకోండి. అతను అందుకుని ఫస్ట్ బేస్‌కు విసిరాడు, బ్యాటర్ చేరేలోపే బంతి చేరింది, ఔట్. గడిలో 6-3 అని రాస్తాం. గాల్లోకి లేచిన బంతిని సెంటర్ ఫీల్డర్ పట్టుకుంటే ఎఫ్ అక్షరం పెట్టి 8. కొట్టవలసిన బంతిని బ్యాటర్ కొట్టలేకపోతే స్ట్రైకు. అలా మూడు స్ట్రైకులు పడి ఔటైతే కె అక్షరం. బ్యాట్ ఊపకుండా మూడో స్ట్రైకును చూస్తూ నిలబడిపోయి ఔటైతే అదే అక్షరాన్ని అద్దంలో కనిపించినట్టు తిప్పి రాస్తాం. బ్యాటర్ ఫస్ట్ బేస్ చేరితే వజ్రానికి మొదటి గీత దిద్దుతాం. రెండో బేస్‌కు రెండో గీత, మూడో బేస్‌కు మూడోది. బయల్దేరిన చోటికి తిరిగి వస్తే నాలుగు గీతలూ కలిసిపోతాయి, అది పరుగు. అప్పుడు వజ్రాన్ని పెన్సిలుతో నల్లగా నింపేస్తాం. ఇన్నింగ్స్ ముగిసిన చోట గడి మూలన ఒక వాలుగీత. పిచర్ మారిన చోట ఒక అడ్డగీత. అంతే. మూడు గంటల ఆట మొత్తం ఒక కాగితంలో ఇమిడిపోతుంది. పదేళ్ళ తర్వాత ఆ కాగితం తెరిచినా ఏ బంతి ఎటు వెళ్ళిందో, ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్ళిందో చదువుకోవచ్చు.

6-4-3 అనే వరస కబ్స్ అభిమానులకు ప్రత్యేకం. షార్ట్‌స్టాప్ నుంచి సెకండ్ బేస్‌కు, అక్కడి నుంచి ఫస్ట్ బేస్‌కు ఒకే ఊపులో బంతి వెళ్ళి ఇద్దరు ఔటవుతారు. జో టింకర్, జానీ ఎవర్స్, ఫ్రాంక్ చాన్స్ ఈ పనిలో పేరు మోశారు. 1910లో ఫ్రాంక్లిన్ పియర్స్ ఆడమ్స్ అనే న్యూయార్క్ రచయిత వాళ్ళ మీద రాసిన ఎనిమిది పాదాల పద్యం వాళ్ళ పేర్లను శాశ్వతం చేసింది. అప్పటికి ఈ మైదానం ఇంకా కట్టలేదు. ఇప్పటికీ ఇక్కడ షార్ట్‌స్టాప్ దగ్గర ఆ ఆట మొదలవగానే కార్డులున్న చేతులు ఒక్కసారిగా కదులుతాయి.

ఈ రాత పద్ధతికి మూలపురుషుడు హెన్రీ చాడ్విక్. పుట్టింది ఇంగ్లండ్‌లో. న్యూయార్క్ వచ్చి ముందు పత్రికలకు క్రికెట్ వార్తలు రాశాడు. తర్వాత బేస్‌బాల్ మీద మనసు పడి, ఆట మొత్తాన్ని పట్టికలో పెట్టే పద్ధతిని 19వ శతాబ్దం మధ్యలో తయారు చేశాడు. స్ట్రైకౌట్‌కు కె అక్షరం ఆయన పెట్టిందే. అందుకేనేమో మన ఊళ్ళలో క్రికెట్ స్కోరు పుస్తకం చూసి పెరిగినవాళ్ళకు ఈ కార్డు పూర్తిగా కొత్తగా అనిపించదు.

నాకిది నేర్పింది పై అంతస్తులో పక్క సీటులో కూర్చున్న ఒక పెద్దావిడ. ఆవిడ దగ్గర అట్టలు నలిగిపోయిన స్కోరు పుస్తకం ఉండేది. ముందు పూర్తిగా చూడు, అంపైర్ చెయ్యి ఆడించాక రాయి, తొందరపడితే చూడవలసింది పోతుంది అని చెప్పింది. ఆవిడ ఆటతో పాటు పేజీ పైన తేదీ, ఎండా మబ్బా అన్నది, గాలి దిశ, పక్కన ఎవరు కూర్చున్నారో వాళ్ళ పేర్లు రాసుకునేది. ఆ రోజు నా పేరు అక్షరం అక్షరం అడిగి రాసుకుంది. అప్పటి నుంచి నేనూ రాస్తున్నాను. నా పుస్తకాల్లో స్నేహితులున్నారు, ఆఫీసువాళ్ళున్నారు, పేరు తప్ప ఇంకేమీ తెలియని పక్క సీటువాళ్ళున్నారు.

స్కోరు రాయడంలో తీర్పు కూడా ఉంటుంది. బ్యాటర్ కొట్టిన బంతి ఫీల్డర్ చేతికి తగిలి జారిపోయింది. అది బ్యాటర్ గొప్పతనమా, ఫీల్డర్ పొరపాటా? అధికారిక స్కోరర్ తన మాట చెబుతాడు. మనం మన కార్డు మీద మన మాట రాసుకోవచ్చు. 1998 మే 6న ఇక్కడ కెర్రీ వుడ్ అనే 20 ఏళ్ళ పిచర్, పెద్ద లీగుల్లో తన ఐదో ఆట మొదలుపెట్టి, హ్యూస్టన్ జట్టు మీద మొత్తం 20 స్ట్రైకౌట్లు చేశాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌లో అప్పటికున్న రికార్డుకు సమానం అది. నాలుగు చెడ్డ బంతులు వేసి ఒక్కరికీ బేస్ ఇవ్వలేదు. కబ్స్ 2-0తో గెలిచింది. ఆ రోజు హ్యూస్టన్‌కు దక్కిన హిట్ ఒక్కటే. మూడో ఇన్నింగ్స్‌లో రికీ గుటియెరెజ్ కొట్టిన బంతి థర్డ్ బేస్‌లో ఉన్న కెవిన్ ఓరీ గ్లవ్‌కు తగిలి పక్కకు పోయింది. అధికారిక స్కోరర్ దాన్ని హిట్ అన్నాడు. ఓరీ పట్టవలసిన బంతి అని అప్పటి నుంచి ఇప్పటిదాకా వాదించేవాళ్ళున్నారు. వాళ్ళ ప్రకారం అయితే ఆ రోజు వుడ్ ఒక్క హిట్టూ ఇవ్వలేదు. నా ఉద్దేశంలో హిట్ అన్నదే సరైన తీర్పు, ఓరీ బాగా పక్కకు సాగి అందుకోబోయాడు. కానీ ఆ ఒక్క గడి గురించి ఇన్నేళ్ళ తర్వాత కూడా రైల్లో అపరిచితులు మాట్లాడుకోగలుగుతున్నారంటే, అది ఈ రాత అలవాటు వల్లే.

గాలి గురించి చెప్పకుండా రిగ్లీ గురించి చెప్పినట్టు కాదు. బ్యాటర్ నిలబడే చోటు, హోమ్ ప్లేట్, నైరుతి మూలన ఉంది. బ్యాటర్ ఈశాన్యం వైపు చూస్తూ నిలబడతాడు. తూర్పున మైలు దూరం లోపే మిషిగన్ సరస్సు. వసంతకాలంలో సరస్సు మీది నుంచి చల్లటి గాలి లోపలికి వీస్తే, గోడ దాటుతుందనుకున్న బంతి ఆగి ఫీల్డర్ చేతుల్లో పడుతుంది. ఎండాకాలంలో నైరుతి నుంచి వేడిగాలి బయటికి వీస్తే, మామూలు బంతి కూడా గోడ దాటి హోమ్ రన్ అయి, బయట వేవ్‌లాండ్ వీధిలో పడుతుంది. అందుకే ఇక్కడికి వచ్చే అలవాటున్నవాళ్ళు సీటులో కూర్చోగానే ముందు జెండాల వైపు చూస్తారు.

రెండు ఆటలు పక్కపక్కన పెట్టి చూడండి. 1917 మే 2న కబ్స్ పిచర్ హిప్పో వాన్, సిన్సినాటీ పిచర్ ఫ్రెడ్ టోనీ ఇద్దరూ తొమ్మిది ఇన్నింగ్స్ పాటు ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. పదో ఇన్నింగ్స్‌లో 1912 ఒలింపిక్స్ వీరుడు జిమ్ థోర్ప్ కొట్టిన చిన్న బంతికి సిన్సినాటీ ఒక పరుగు చేసి 1-0తో గెలిచింది. 1979 మే 17న గాలి బయటికి హోరున వీస్తుంటే ఫిలడెల్ఫియా ఒక దశలో 21-9 ఆధిక్యంలో ఉంది. కబ్స్ వెంటాడి 22-22 చేసింది. చివరికి పదో ఇన్నింగ్స్‌లో మైక్ ష్మిడ్ట్ హోమ్ రన్‌తో ఫిలడెల్ఫియా 23-22తో గెలిచింది. కబ్స్ తరఫున డేవ్ కింగ్మన్ ఒక్కడే మూడు హోమ్ రన్లు కొట్టాడు. రెండు ఆటలూ ఇదే మైదానంలో, రెండూ పది ఇన్నింగ్స్, రెండూ మే నెలలోనే. ఒకదాని స్కోర్‌కార్డు మీద నింపిన వజ్రం ఒక్కటే. రెండోదాని మీద నల్లటి వజ్రాలే.

ఇక గోడ. ఎర్ర ఇటుకల గోడ మీద మెత్త లేదు, తీగ ఉంది. బిల్ వెక్ 1937లో నాటించినప్పుడు వెంటనే పచ్చగా కనిపించడానికి ఒక రకం తీగ, నెమ్మదిగా పెరిగి నిలబడడానికి బోస్టన్ ఐవీ అనే మరో రకం కలిపి పెట్టించాడు. కాలక్రమంలో ఐవీయే గోడంతా అల్లుకుంది. ఏప్రిల్‌లో ఆటలు మొదలయ్యేటప్పటికి ఇటుకలూ ఎండు పుల్లలూ మాత్రమే కనిపిస్తాయి. మే వచ్చాక ఆకు తొడుగుతుంది. ఆకు దట్టంగా ఉన్న రోజుల్లో బంతి అందులోకి దూరి చిక్కుకుపోవచ్చు. దానికి ఈ మైదానానికే ప్రత్యేకమైన నియమం ఉంది.

ఆ నియమాన్ని మా నాన్నకు వివరించిన రోజు నాకు బాగా గుర్తు. నాన్న గుంటూరులో కాలేజీ రోజుల్లో క్రికెట్ స్కోరు రాసినవాడు. వేసవికి మా దగ్గరికి వచ్చినప్పుడు తీసుకెళ్ళాను. రెండు ఇన్నింగ్స్ మౌనంగా నా కార్డు వైపు, మైదానం వైపు మార్చి మార్చి చూశాడు. మూడో ఇన్నింగ్స్‌లో ఇలా ఇవ్వమని పెన్సిలు లాక్కున్నాడు. కాసేపటికి ఒక బంతి వెళ్ళి తీగల్లో పడింది. ఫీల్డర్ దాని దగ్గర నిలబడి రెండు చేతులూ పైకెత్తాడు.

"ఏరా, బంతి ఆ ఆకుల్లోనే ఉందిగా. తియ్యకుండా అలా నిలబడ్డాడేమిటి?"

"తియ్యకూడదు నాన్నా. చెయ్యి పెట్టి వెతికితే ఆట నడుస్తున్నట్టే లెక్క. బ్యాటర్ పరిగెత్తుతూనే ఉంటాడు. చేతులెత్తితే అంపైర్ వచ్చి చూసి, బ్యాటర్‌ను రెండో బేస్ దగ్గర ఆపేస్తాడు."

"అన్నిచోట్లా ఇంతేనా?"

"లేదు, ఇక్కడ తీగ ఉంది కాబట్టి ఇక్కడ."

నాన్న తల ఊపి, "మా గ్రౌండులో చింతచెట్టుకు తగిలితే రెండు పరుగులు అన్నట్టు" అని, గడిలో రెండు గీతలు దిద్దాడు. బేస్‌బాల్ ఆయనకు ఆ క్షణంలో పట్టుబడిందనుకుంటాను. ఏమీ జరగని ప్రతి బంతికీ క్రికెట్ అలవాటు ప్రకారం గడి అంచున ఒక చుక్క పెట్టుకుంటూ పోయాడు. పిచర్ ఎన్ని బంతులు వేశాడో లెక్కపెట్టుకునేవాళ్ళు ఇక్కడా దాదాపు అలాగే చేస్తారని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ కార్డు నా దగ్గర భద్రంగా ఉంది. చుక్కలన్నీ ఒకే సైజులో, ఒకే వరుసలో ఉంటాయి.

ఎండలో ఆట చూడడం రిగ్లీ మరో సంప్రదాయం. పెద్ద లీగుల్లో దీపాలు పెట్టుకున్న చివరి పాత మైదానం ఇదే. యజమాని ఫిలిప్ రిగ్లీ 1941లో దీపాల సామాను కొన్నాడు. పెర్ల్ హార్బర్ మీద దాడి జరగగానే దాన్ని యుద్ధ అవసరాలకు ఇచ్చేశాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు పగటి ఆటలే. అంతకు ముందు కూడా దీపాలు లేక పొద్దుతో పోటీ పడిన ఆటలున్నాయి. 1938 సెప్టెంబరు 28న పిట్స్‌బర్గ్‌తో ఆట 5-5 దగ్గర ఉండగా చీకటి పడింది. తొమ్మిదో ఇన్నింగ్స్‌తో ఆపేస్తామన్నారు అంపైర్లు. ఇద్దరు ఔటయ్యారు, రెండు స్ట్రైకులు పడ్డాయి. అప్పుడు కబ్స్ బ్యాటర్ గాబీ హార్ట్‌నెట్ కొట్టిన బంతి మసక చీకట్లో గోడ దాటింది. ఆ గెలుపుతో కబ్స్ మొదటి స్థానానికి చేరి, ఆ ఏడాది లీగ్ గెలుచుకుంది.

చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు రాత్రి వెలుగూ గోలా వద్దని ఏళ్ళ తరబడి పోరాడారు. చివరకు 1988 ఆగస్టు 8న కబ్స్ ఆటకు మొదటిసారి దీపాలు వెలిగాయి. ఫిలడెల్ఫియా మొదటి బ్యాటర్ ఫిల్ బ్రాడ్లీ హోమ్ రన్ కొట్టాడు. కబ్స్ వంతు రాగానే రైన్ శాండ్‌బర్గ్ కూడా హోమ్ రన్ కొట్టాడు. నాలుగో ఇన్నింగ్స్‌లో వాన దంచికొట్టి ఆట రద్దయింది. నియమం ప్రకారం ఆ రాత్రి జరిగిందేదీ లెక్కలోకి రాలేదు. అధికారిక రికార్డుల్లో మొదటి రాత్రి ఆట మర్నాడు ఆగస్టు 9న న్యూయార్క్ మెట్స్ మీద 6-4తో గెలిచినది. బ్రాడ్లీ, శాండ్‌బర్గ్ కొట్టిన ఆ రెండు హోమ్ రన్లకు చోటు ఆ రోజు అక్కడ కూర్చుని రాసుకున్నవాళ్ళ కార్డుల మీదే దొరుకుతుంది. చేత్తో రాసుకోవడం ఎందుకని అడిగినవాళ్ళందరికీ నేను ఇదే చెబుతాను.

శాండ్‌బర్గ్ పేరు వచ్చింది కాబట్టి 1984 జూన్ 23 చెప్పుకోవాలి. ఆ ఆటకు అభిమానులు ఆయన పేరే పెట్టుకున్నారు. సెయింట్ లూయిస్ కార్డినల్స్‌తో ఆట. కబ్స్ మొదట 7-0తో వెనకబడింది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒక పరుగు తక్కువగా ఉండగా శాండ్‌బర్గ్ హోమ్ రన్ కొట్టి సమం చేశాడు. పదో ఇన్నింగ్స్‌లో రెండు పరుగులు తక్కువైతే మళ్ళీ హోమ్ రన్ కొట్టి మళ్ళీ సమం చేశాడు. రెండూ కార్డినల్స్ పిచర్ బ్రూస్ సూటర్ బంతుల మీదే. 1979లో ఇదే మైదానంలో కబ్స్ తరఫున ఆడుతూ ష్మిడ్ట్‌కు హోమ్ రన్ ఇచ్చిందీ ఆ సూటరే. పదకొండో ఇన్నింగ్స్‌లో కబ్స్ 12-11తో గెలిచింది. శాండ్‌బర్గ్ 2025 జూలైలో కన్నుమూశాడు. ఆయన 23వ నంబరు జెండా కుడి వైపు స్తంభం మీద ఎగురుతూ ఉంటుంది.

తీగ గోడ వెనక వరుసల్లో కూర్చునేవాళ్ళది వేరే ఆచారం. ఎదుటి జట్టు హోమ్ రన్ బంతి చేతికి చిక్కితే దాచుకోకూడదు, మైదానంలోకి విసిరెయ్యాలి. విసిరేదాకా చుట్టూ ఉన్నవాళ్ళు ఊరుకోరు. విచిత్రమేమిటంటే, గ్యాలరీలో పడ్డ బంతిని ప్రేక్షకులు ఇంటికి తీసుకెళ్ళడానికి మొదట ఒప్పుకున్నది, 1916లో, ఇక్కడేనంటారు.

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి నిలబడి పాట పాడతారు. 1908 నాటి ఆ పాటను ఇక్కడ పండగ చేసింది హ్యారీ కేరీ అనే రేడియో, టీవీ వ్యాఖ్యాత. 1982 నుంచి 1997 దాకా పెద్ద కళ్ళజోడుతో కిటికీలోంచి సగం బయటికి వంగి, మైకు పట్టుకుని, శ్రుతి సంగతి పట్టించుకోకుండా జనం చేత పాడించాడు. ఆయన పోయాక ప్రతి ఆటకూ ఒక అతిథి వచ్చి పాడిస్తున్నారు. నాకు అతిథుల మీద పెద్ద ఆసక్తి లేదు. పక్కన ముక్కూ మొహం తెలియనివాళ్ళ భుజం తగులుతూ నిలబడి పాడడం మాత్రం ఎన్నిసార్లయినా ఇష్టమే.

2016 సంగతి అందరికీ తెలిసిందే. 1908 తర్వాత మళ్ళీ వరల్డ్ సిరీస్ గెలవడానికి కబ్స్‌కు 108 ఏళ్ళు పట్టింది. 1908లో వాళ్ళు ఆడింది వేరే మైదానంలో. అంటే రిగ్లీ ఫీల్డ్ తన జట్టు జగజ్జేత కావడాన్ని అప్పటిదాకా చూడనే లేదు. ఆఖరి ఆట కూడా క్లీవ్‌లాండ్‌లో జరిగింది. పదో ఇన్నింగ్స్‌లో 8-7. ఆఖరి ఔట్ 5-3. థర్డ్ బేస్ నుంచి క్రిస్ బ్రయంట్ కాలు జారుతూ విసిరాడు, ఫస్ట్ బేస్‌లో ఆంథొనీ రిజో పట్టుకున్నాడు. ఆ రెండు అంకెలు రాస్తుంటే నా చెయ్యి వణికింది. ఆ రోజుల్లో జనం రిగ్లీ దగ్గరికి సుద్దముక్కలు తీసుకొచ్చి వేవ్‌లాండ్, షెఫీల్డ్ వీధుల వైపు ఇటుక గోడల మీద పేర్లు రాశారు. తాతలవి, తల్లులవి, తండ్రులవి, ఆ గెలుపు చూడకుండా పోయినవాళ్ళవి. చేయి అందినంత ఎత్తుదాకా పేర్లే. రాయమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఇక్కడికి వచ్చేవాళ్ళకు రాయడం ముందే అలవాటు.

ఈ మైదానంలో లోపాలు లేవనను. కొన్ని సీట్లకు ఇనుప స్తంభాలు అడ్డొస్తాయి. టికెట్ల ధరలు సామాన్య కుటుంబానికి భారంగా ఉన్నాయి. 2015లో ఎడమ వైపు పెద్ద వీడియో తెర పెట్టారు. దాని మీద ప్రతి ఆటగాడి ఫొటో, ప్రతి బంతి వేగం వస్తాయి. రాకూడదని నేను అనను, కానీ అది వెలిగినప్పుడు జనం మైదానం వైపు చూడడం మానేస్తున్నారు. అది ఉన్నందుకు పాత బోర్డును మాత్రం తీసేయలేదు. 2004లో షికాగో నగరం తీగనూ బోర్డునూ రక్షిత జాబితాలో చేర్చింది. 2020లో ఈ మైదానానికి జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు వచ్చింది. కట్టడాన్ని చట్టం కాపాడుతుంది. కార్డు రాసే అలవాటును ప్రేక్షకులే కాపాడుకోవాలి. ఏడాదికేడాది పెన్సిలు పట్టిన చేతులు తగ్గుతున్నాయని నాకు అనిపిస్తోంది.

అందుకే వేసవిలో పిల్లల దగ్గరికి షికాగో వచ్చే మన అమ్మానాన్నలకు, వాళ్ళను తీసుకొచ్చే పిల్లలకు ఒక మాట. ఆరోరా బాలాజీ గుడికి వెళ్ళినట్టే ఒక రోజు ఇక్కడికీ వెళ్ళండి. మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి మొదలయ్యే పగటి ఆట ఎంచుకోండి. రెడ్ లైన్ రైలెక్కి ఆడిసన్ స్టేషన్లో దిగండి. బోర్డు కింద వరుసల్లో కూర్చుంటే బోర్డు కనపడదు, అందుకని హోమ్ ప్లేట్ వెనక పై అంతస్తులో టికెట్ తీసుకోండి. లోపలికి వెళ్ళగానే స్కోర్‌కార్డు, పెన్సిలు కొనండి. క్రికెట్ తెలిసిన ఏ తెలుగువాడికైనా మూడో ఇన్నింగ్స్‌కు ఈ రాత పట్టుబడుతుంది. కార్డు పైన తేదీ, గాలి ఎటు వీస్తోందో, మీ పక్కన ఎవరు కూర్చున్నారో రాయడం మాత్రం మరిచిపోకండి.